ఉప్పు ప్యాకింగ్ చేస్తూ ప్రపంచకప్ ఆడిన ఐస్‌లాండ్ డిఫెండర్: అతని క్రీడాజీవితాన్ని ఎలా చూడాలి?

ప్రశ్న: పాలమూరు పాఠకుడు (మహబూబ్‌నగర్)

అందరికీ నమస్కారం. మా అన్న కొడుకు ఇక్కడే ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ, జిల్లా జూనియర్ ఫుట్‌బాల్ జట్టులో రైట్ బ్యాక్‌గా (కుడివైపు డిఫెండర్‌గా) ఆడుతున్నాడు. ఈ మధ్య వాడికి బిర్కిర్ మార్ సేవర్సన్ అనే ఐస్‌లాండ్ డిఫెండర్ గురించిన ఒక చిన్న వీడియో దొరికింది. 2018 ప్రపంచకప్‌లో అర్జెంటీనాపై ఆడిన ఈ మనిషి, అంతకు కొద్ది వారాల ముందు వరకు ఒక కర్మాగారంలో ఉప్పు ప్యాకింగ్ పని చేశాడన్నది ఆ వీడియో సారాంశం.

అప్పటి నుండి మా ఇంట్లో రోజూ ఇదే చర్చ. ఉద్యోగం చేసుకుంటూ కూడా ప్రపంచకప్ దాకా వెళ్లవచ్చు కనుక తనను ఆట మానమని అనకూడదని పిల్లవాడి వాదన. ప్రపంచకప్ ఆడినవాడికే ఉప్పు మూటలు కట్టక తప్పలేదంటే, ఈ ఆటలో బతుకుదెరువు లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని మా అన్న వాదన. ఒకే సంగతిని ఇద్దరూ చెరో వైపుకు లాగుతుంటే, వదినె నా వైపు చూస్తున్నది.

నేను క్రికెట్ తప్ప మరొక ఆట ఎరుగను. ఆ ఆటగాడి క్రీడాజీవితం నిజంగా ఎలా సాగింది, అతడు ఆ పనికి ఎందుకు వెళ్లాడు, మా పిల్లవాడు అతని నుండి నేర్చుకోదగినది ఏమైనా ఉన్నదా అన్న విషయాలను తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం 1: క్లాక్ టవర్ (నల్గొండ)

పాలమూరు పాఠకుడు గారూ, మీ ఇంట్లో ఇద్దరూ అతని జీవితంలోని చివరి ఘట్టాన్ని పట్టుకొని మొత్తం కథను అంచనా వేస్తున్నారు. మొదటి నుండి చూస్తే లెక్క వేరుగా ఉంటుంది.

సేవర్సన్ 1984 నవంబరులో పుట్టాడు. రాజధాని రేక్యావిక్‌లోని వాలూర్ అతని సొంత క్లబ్బు. 2007లో వాలూర్ ఐస్‌లాండ్ లీగ్‌ను గెలిచింది. 1987 తరువాత ఆ క్లబ్బుకు అదే మొదటి లీగ్ విజయం. అదే సంవత్సరం అతనికి జాతీయ జట్టులో చోటు దొరికింది. మరుసటి ఏడు నార్వేలోని బెర్గెన్ నగరపు క్లబ్బు బ్రాన్ అతన్ని తీసుకున్నది. 2007లో నలభై నాలుగేళ్ల విరామం తరువాత నార్వే లీగ్‌ను గెలిచి మంచి ఊపులో ఉన్న క్లబ్బు అది. అక్కడ 2014 వరకు, అంటే ఏడు సీజన్లు ఆడాడు. ఆఖరి సంవత్సరం ఆ క్లబ్బు కింది డివిజన్‌కు జారిపోయిన తరువాత, స్టాక్‌హోమ్‌లోని హమ్మర్బీకి మారి 2017 చివరి వరకు స్వీడన్ మొదటి డివిజన్‌లో ఆడాడు. దీన్నిబట్టి, అతడు పదేళ్ల పాటు రెండు దేశాలలో పూర్తికాలపు వృత్తి ఆటగాడిగా జీతం తీసుకొని బతికాడని మీ అన్నగారికి ముందుగా చెప్పండి. ఇంగ్లండ్, స్పెయిన్ లీగుల స్థాయి జీతాలు నార్వే, స్వీడన్ క్లబ్బులలో ఉండవన్నది నిజమే. అయినా అది నికరమైన ఉద్యోగం.

ముప్పై మూడేళ్ల వయసులో అతడు సొంత ఊరికి, సొంత క్లబ్బుకు తిరిగి వచ్చాడు. ఐస్‌లాండ్ లీగ్‌లో ఆటగాళ్లలో చాలామందికి పగలు వేరే పని ఉంటుంది, సాధన సాయంత్రం జరుగుతుంది. లీగ్ మొదలయ్యేది వసంతంలో. పగలంతా ఇంట్లో ఖాళీగా కూర్చుంటే బద్ధకం పెరుగుతుందని పనికి వెళ్తున్నట్లు అతడే అప్పట్లో విలేకరులకు చెప్పాడు. కాబట్టి ఉప్పు ప్యాకింగ్‌లో దారిద్ర్యమూ లేదు, మీ పిల్లవాడు ఊహించుకుంటున్న అద్భుతమూ లేదు. ప్రపంచకప్‌లో ఆడే అర్హతను అతడు సంపాదించినది ఆ కర్మాగారంలో కాదు, దానికి ముందు గడిచిన పదేళ్లలో.

ఆ తరువాత సంగతి కూడా చెప్పాలి. తిరిగి వచ్చాక 2018లోను, 2020లోను వాలూర్ లీగ్‌ను గెలిచినప్పుడు అతడు జట్టులో ఉన్నాడు. జాతీయ జట్టు తరఫున 2021లో వంద మ్యాచ్‌ల గడప దాటి, మొత్తం 103 మ్యాచ్‌లతో విరమించుకున్నాడు. రూనర్ క్రిస్టిన్సన్ పేరిట చాలాకాలం నిలిచిన 104 మ్యాచ్‌ల రికార్డుకు అది ఒక్కటి మాత్రమే తక్కువ. గోల్స్ మూడు. డిఫెండర్ కనుక ఆ అంకెను పట్టించుకోవలసిన పని లేదు.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. అదే జట్టులో బిర్కిర్ బ్యార్నసన్ అనే మిడ్‌ఫీల్డర్ కూడా ఉన్నాడు. పొడవాటి బంగారురంగు జుట్టుతో కనిపించే అతడు వేరు, మనం మాట్లాడుకుంటున్న మనిషి వేరు. తెలుగు వీడియోలలో ఈ ఇద్దరినీ కలిపేసినవి ఉన్నాయి.

సమాధానం 2: కృష్ణాతీరం (గద్వాల)

ఇంత పొగడవలసిన అవసరం ఉన్నదా అని నా సందేహం. ఐస్‌లాండ్ జనాభా ప్రపంచకప్ నాటికి మూడున్నర లక్షలకు అటూ ఇటూ. 2011 జనగణన ప్రకారం మహబూబ్‌నగర్, నల్గొండ పట్టణాలను కలిపితే ఇంచుమించు అంతే జనం. అంత చిన్న దేశంలో జాతీయ జట్టుకు ఎంపిక కావడం ఏమంత కష్టం? పోటీకి ఎందరుంటారు? మన దగ్గర జిల్లా జట్టులో చోటుకే అంతకన్నా ఎక్కువ పోటీ ఉంటుందేమో.

సమాధానం 3: డ్రిల్లు సారు (దేవరకొండ)

నేను ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. గద్వాల మిత్రుని సందేహానికి ముందు జవాబు చెప్పి, తరువాత పిల్లవాడికి పనికివచ్చే విషయానికి వస్తాను.

జట్టులోకి రావడం సులభమే అనుకుందాం. కానీ అక్కడికి వచ్చాక ఎదురుగా నిలబడేది రెండు పట్టణాల జనాభా నుండి వచ్చినవారు కాదు కదా! 2016 యూరో కప్ అర్హత పోటీలలో ఐస్‌లాండ్ నెదర్లాండ్స్‌ను సొంతగడ్డపైనా, వారి గడ్డపైనా రెండుసార్లూ ఓడించింది. 2018లో ప్రపంచకప్‌కు చేరినప్పుడు, అప్పటివరకు ఆ పోటీకి వచ్చిన దేశాలన్నింటిలో జనాభా రీత్యా అదే చిన్నది. జనం తక్కువైతే ఆటగాళ్లు దొరకడమే కష్టం కావాలి గాని, గెలుపు సులభం కావడం ఏమిటి?

వారి ఎదుగుదలకు అందరూ చెప్పే కారణం ఒకటున్నది. అక్కడ శీతకాలంలో బయట ఆడలేరు కనుక, 2000 సంవత్సరం నుండి కప్పు వేసిన పూర్తి పరిమాణపు మైదానాలను కట్టుకుంటూ వచ్చారు. మొదటిది కెఫ్లావిక్ ప్రాంతంలో వచ్చింది. బడుల పక్కన చిన్న కృత్రిమ గడ్డి మైదానాలు వేశారు. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య ధ్రువపత్రం ఉన్న శిక్షకులను వందల సంఖ్యలో తయారుచేసి, చిన్నపిల్లల జట్లకు కూడా వారినే పెట్టారు. ఇదంతా నిజమే, మన అధికారులు చదవవలసినదే. వారికి చలి ఎలాగో మనకు ఏప్రిల్, మే నెలల ఎండ అలాగ. ఆ రెండు నెలలూ తెల్లవారుజామున గంటసేపు, సాయంత్రం గంటసేపు తప్ప మైదానం మనది కాదు. సెలవులు వచ్చేదీ అప్పుడే!

అయితే సేవర్సన్ విషయంలో ఈ కారణం పూర్తిగా అతకదు. మొదటి కప్పు మైదానం తెరిచేసరికి అతనికి పదిహేనేళ్లు దాటాయి. గిల్ఫి సిగుర్డ్సన్, ఆరోన్ గున్నర్సన్ వంటి ఆటగాళ్లు 2011లో 21 ఏళ్లలోపు యూరో పోటీలకు వెళ్లి పేరు తెచ్చుకున్న తరం. ఇతడు వారికన్నా పెద్దవాడు. ఐస్‌లాండ్‌ను ఎవరూ లెక్కచేయని రోజులలో జట్టులోకి వచ్చి, ఆ జట్టు ఓడుతున్న కాలమంతా ఆడి, గెలిచే కాలం వచ్చేదాకా తన స్థానాన్ని నిలబెట్టుకున్నాడు. నాకు అతనిలో నచ్చినది ఇదే. అరంగేట్రం నుండి మొదటి పెద్ద పోటీ దాకా తొమ్మిదేళ్లు పట్టింది. 2013 నవంబరులో ప్రపంచకప్ అంచు దాకా వెళ్లి, చివరి రెండంచెల పోటీలో క్రొయేషియా చేతిలో ఆగిపోయారు కూడా.

ఇక ఆట సంగతి. స్వీడన్‌కు చెందిన లార్స్ లాగర్‌బాక్ 2011లో శిక్షకుడిగా వచ్చాక, హెయిమిర్ హాల్‌గ్రిమ్సన్‌తో కలిసి జట్టుకు ఒక సాదా పద్ధతిని నేర్పాడు. నలుగురు డిఫెండర్లు ఒక వరుస, వారి ముందు నలుగురు మిడ్‌ఫీల్డర్లు మరొక వరుస, పైన ఇద్దరు. బంతి ఎదుటివారి దగ్గర ఉన్నంతసేపూ ఈ రెండు వరుసల మధ్య ఖాళీ పెరగకూడదు. ఇందులో రైట్ బ్యాక్ మొదటి ధర్మం గీత వెంట పరుగులు తీయడం కాదు, లోపలికి జరిగి సెంటర్ బ్యాక్‌కు, అంటే మధ్యలో నిలిచే డిఫెండర్‌కు, దగ్గరగా నిలవడం. ఎదుటి వింగర్ (పక్క గీత వెంట దాడి చేసే ఆటగాడు) బయటి నుండి క్రాస్ (గోల్ ముందుకు పంపే బంతి) వేస్తే వేయనివ్వవచ్చు, ఎందుకంటే లోపల కారి ఆర్నసన్, రాగ్నర్ సిగుర్డ్సన్ తలతో తీసేస్తారు. ఆ వింగర్ లోపలికి కోసుకు వస్తేనే ప్రమాదం. సేవర్సన్ ముందు యోహన్ బెర్గ్ గుడ్‌మండ్సన్ దిగి వచ్చి బయటి దారిని మూసేవాడు, ఇతడు లోపలి దారిని మూసేవాడు. మన పిల్లలకు ఈ రెండవ పని చెబితే ముఖం మాడ్చుకుంటారు, ఎందుకంటే అందులో చప్పట్లు ఉండవు.

మీ అన్న కొడుకును 2016 యూరో కప్‌లో పోర్చుగల్‌తో జరిగిన మ్యాచ్‌లో 50వ నిమిషాన్ని చూడమనండి. ఐస్‌లాండ్ కుడివైపు నుండి గుడ్‌మండ్సన్ వేసిన క్రాస్ గోల్‌ముఖం దాటి రెండో స్తంభం వైపు వెళ్తుంది. పోర్చుగల్ రైట్ బ్యాక్ వియేరిన్యా బంతినే చూస్తూ వెనుక మనిషిని వదిలేశాడు; బ్యార్నసన్ ఒంటరిగా నిలబడి గోల్ కొట్టాడు. రైట్ బ్యాక్ ఏం చేయకూడదో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పాఠం నా దగ్గర లేదు. ఆ తరువాత అదే పోటీలో ఇంగ్లండ్‌తో మ్యాచ్ మొత్తం చూసి, సేవర్సన్ ఎక్కడ నిలుస్తున్నాడో మాత్రమే గమనించమనండి. బంతిని చూడవద్దని చెప్పండి. అతని వైపు ఆడిన స్టెర్లింగ్‌ను 60వ నిమిషంలోనే బయటకు పిలిచారు. ఐస్‌లాండ్ 2–1తో గెలిచింది.

సమాధానం 4: మూసీ ఒడ్డు (సూర్యాపేట)

డ్రిల్లు సారు గారు ఒక మ్యాచ్‌ను వదిలేశారు, బహుశా అభిమానం వల్ల. ఆ పోటీలో హంగేరీతో మార్సెయ్‌లో జరిగిన మ్యాచ్‌లో ఐస్‌లాండ్ 1–0తో గెలుపు ముంగిట ఉండగా, 88వ నిమిషంలో సెల్ఫ్ గోల్ (బంతిని సొంత గోల్‌లోకే పంపడం) వేసి ఆ గెలుపును చేజార్చినది ఈ సేవర్సనే. దేశం ఆడుతున్న మొదటి పెద్ద పోటీలో మొదటి గెలుపు అది అయ్యేది.

సమాధానం 5: డ్రిల్లు సారు (దేవరకొండ)

వదిలేయలేదు సార్, దానికి ఒక పేరా కావాలని ఆగాను.

ఆ సెల్ఫ్ గోల్‌ను మళ్లీ చూడండి. నేలకు దగ్గరగా వేగంగా వచ్చిన క్రాస్ వెనుక హంగేరీ ఆటగాడు కాచుకొని ఉన్నాడు. వదిలేస్తే అతడు కొడతాడు, కాలు పెడితే ఎటు పోతుందో తెలియదు. కాలు పెట్టాడు, అది లోపలికి పోయింది. అక్కడ కాలు పెట్టకుండా నిలబడిపోయే డిఫెండర్ కన్నా, పెట్టి సెల్ఫ్ గోల్ వేసిన డిఫెండర్‌నే నేను నా జట్టులోకి తీసుకుంటాను.

నాలుగు రోజుల తరువాత ఆస్ట్రియాతో మ్యాచ్‌కు శిక్షకులు ఏం చేశారన్నది అంతకన్నా ముఖ్యం. అతన్ని పక్కన పెట్టలేదు. ఆ యూరో కప్‌లో ఐస్‌లాండ్ ఆడిన ఐదు మ్యాచ్‌లలోనూ మొదటి పదకొండు మంది మారలేదు. ఆస్ట్రియాపై ఆఖరి క్షణాలలో గోల్ కొట్టి 2–1తో గెలిచారు, తరువాత ఇంగ్లండ్‌ను ఓడించారు, క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో 5–2తో ఓడి ఇంటికి వెళ్లారు. సెల్ఫ్ గోల్ వేసిన పిల్లవాడిని మరుసటి మ్యాచ్‌లో కూర్చోబెట్టే అలవాటు మన జిల్లాలలో ఎంతగా ఉన్నదో నేను చెప్పనక్కరలేదు.

సమాధానం 6: కృష్ణాతీరం (గద్వాల)

జనాభా సంగతి మీరు చెప్పినట్లే ఒప్పుకుంటాను. మరి 2018లో అర్జెంటీనా మ్యాచ్‌లో అతడు ఏం చేశాడు? మెస్సీ పెనాల్టీని గోల్‌కీపర్ ఆపడం తప్ప నాకు ఏమీ గుర్తు లేదు.

సమాధానం 7: క్లాక్ టవర్ (నల్గొండ)

ఏమీ గుర్తు లేకపోవడమే అతని ఆటకు యోగ్యతాపత్రం.

2018 జూన్ 16న మాస్కోలో ఆ మ్యాచ్. అర్జెంటీనాకు అగ్వేరో 19వ నిమిషంలో గోల్ కొట్టాడు, ఐస్‌లాండ్‌కు ఫిన్‌బోగసన్ 23వ నిమిషంలో సమం చేశాడు. 64వ నిమిషంలో హాల్డోర్సన్ పెనాల్టీ ఆపాడు. మిగిలిన సమయంలో దాదాపు ముప్పావు వంతు బంతి అర్జెంటీనా కాళ్ల దగ్గరే ఉన్నది. సేవర్సన్ వైపు ఆడినది డి మరియా. ఎడమ నుండి లోపలికి రావడంలో ఆనాటి ప్రపంచంలోని మేటివారిలో ఒకడైన అతన్ని కూడా 75వ నిమిషంలో మార్చవలసి వచ్చింది. మ్యాచ్ 1–1తో ముగిసింది. ఆ తరువాత నైజీరియా చేతిలో 2–0తో, క్రొయేషియా చేతిలో 2–1తో ఓడి మొదటి అంచెలోనే వెనుదిరిగారు. పత్రికలు అర్జెంటీనా మ్యాచ్‌ను మాత్రమే తలచుకుంటాయి గాని, నైజీరియా మ్యాచ్‌లో అహ్మద్ మూసా వేగానికి ఐస్‌లాండ్ రక్షణ ఎలా చెదిరిందో చూడడం కూడా పిల్లవాడికి అవసరం. ముప్పై దాటిన డిఫెండర్ల జట్టు రెండు వరుసల క్రమం తప్పితే ఎంత బలహీనపడుతుందో అందులో తెలుస్తుంది.

ఆ జట్టులో పక్క వృత్తి ఉన్నది ఇతనొక్కడికే కాదు. శిక్షకుడు హాల్‌గ్రిమ్సన్ దంతవైద్యుడు, గోల్‌కీపర్ హాల్డోర్సన్ చిత్ర దర్శకుడు. విలేకరులకు ఇది పండుగ అయింది. కానీ మైదానంలోకి దిగిన వారిలో అత్యధికులు విదేశీ క్లబ్బులలో ఆడే పూర్తికాలపు ఆటగాళ్లన్న సంగతి ఆ సందడిలో మరుగున పడింది.

ప్రశ్నకర్త: పాలమూరు పాఠకుడు (మహబూబ్‌నగర్)

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను ఇంట్లో చదివి వినిపించాను. పదేళ్ల వృత్తి జీవితం సంగతి విన్న తరువాత మా అన్న స్వరం కొంత తగ్గింది గాని, వెంటనే మరొక మాట అందుకున్నాడు. నార్వే, స్వీడన్ పక్కనే ఉన్నవాడికి ఆ దారి ఉన్నది, పాలమూరులో పుట్టినవాడికి పక్కన ఏమున్నదని అడుగుతున్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

సమాధానం 8: పాత సెంటర్ హాఫ్ (మిర్యాలగూడ)

మీ అన్నగారి ప్రశ్న న్యాయమైనది. దానికి తీయని మాటలతో జవాబు చెప్పడం పిల్లవాడికి మేలు చేయదు.

మనకు పక్కన హైదరాబాద్ ఉన్నది. ఆ నగరానికి ఫుట్‌బాల్‌లో ఉన్న చరిత్ర నేటి పిల్లలకు చెప్పేవారు లేరు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆయన ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చినవారు. సిటీ పోలీస్ ఆటగాళ్లకు నౌకరీ పోలీసు శాఖలో. ఉద్యోగం, ఆట ఒకే మనిషిలో ఇమిడిన సంగతిని మనం ఐస్‌లాండ్ వీడియోలో చూసి ఆశ్చర్యపోతున్నాము గాని, మన తాతల కాలంలో ఇక్కడి ఫుట్‌బాల్ అంతా ఆ పద్ధతి మీదనే నిలబడింది. శాఖల జట్లు బలహీనపడిన తరువాతనే తల్లిదండ్రులలో మీ అన్నగారి భయం పెరిగింది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

అయితే ఒక తేడాను గమనించాలి. సిటీ పోలీస్ ఆటగాడికి ఆట వల్ల ఉద్యోగం వచ్చింది. సేవర్సన్‌కు ఆట ముగింపు దశలో, ఆటకు సంబంధం లేని పని దొరికింది. మన పిల్లవాడికి ఈ రోజు అందుబాటులో ఉన్నది మొదటి దారికి దగ్గరగా ఉన్నదే. రైల్వే, రక్షణ దళాలు, పోలీసు, కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు క్రీడల కోటాలో మనుషులను తీసుకుంటూనే ఉన్నాయి. దానికి జిల్లా స్థాయి ఆట చాలదు. ఇంటర్ తరువాత డిగ్రీలో చేరి విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికైతే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల ధ్రువపత్రం వస్తుంది. రాష్ట్ర జట్టుకు ఎంపికైతే జాతీయ పోటీల ధ్రువపత్రం వస్తుంది. చదువు ఆపితే వీటిలో మొదటి దారి మూసుకుపోతుంది కనుక, ఆట కోసం చదువు మానతానని పిల్లవాడు అంటే మాత్రం మీ అన్నగారి పక్షాన నిలబడండి.

ఇప్పటికి చేయవలసినవి రెండు. పాఠశాల స్థాయి నుండి ఆడిన ప్రతి పోటీ ధ్రువపత్రాన్నీ, అందులో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోతున్నాయో లేదో చూసి భద్రపరచండి. అక్షరం తేడా వల్ల కోటా పోగొట్టుకున్న పిల్లలను చూశాను. రెండవది, ఈ సెలవుల్లో హైదరాబాద్‌లో జరిగే ఎంపికలకు పంపేటప్పుడు, వాడు రైట్ బ్యాక్‌గా కాక ఫార్వర్డ్‌గా పేరు ఇస్తానంటే ఒప్పుకోకండి. ఎంపికలకు వచ్చేవారిలో ముప్పాతిక మంది గోల్ కొట్టాలని వచ్చినవారే. నిలబడవలసిన చోట నిలబడగల రైట్ బ్యాక్ కోసం శిక్షకులు సాయంత్రం దాకా వెతుకుతారు.